డచ్చి రాజుగారికి నూజివీడు నుంచి ఒక రసీదు

మహారాజశ్రీ విల్లెం అలెగ్జాండర్ దొరవారికి, నూజివీడు మామిడి తోటల నడుమ నుంచి నమస్కారం.

తమరు 2023 జులై 1న ఆమ్‌స్టర్‌డామ్‌లో నిలబడి, పూర్వులు చేసిన బానిస వ్యాపారానికి క్షమాపణ కోరారని విన్నాం. కాస్త ఆలస్యంగానే విన్నాం. జులై అంటే మాకు కాయ అయిపోయి, కమీషన్ వ్యాపారి లెక్క తేలక, రైతు తల పట్టుకుని కూర్చునే కాలం. లోకవార్తలు చెవికెక్కవు. తమకంటే ఆరు నెలల ముందే, 2022 డిసెంబర్ 19న, తమ అప్పటి ప్రధాని మార్క్ రుట్టె గారు ఇదే క్షమాపణ చెప్పి వెళ్లారట. ఈ వరస మాకు కొత్త కాదు. ఊళ్లో మోతుబరి తప్పు చేస్తే ముందు గుమస్తా వెళ్లి బతిమాలతాడు. అవతలివాళ్లు చెప్పు తీయరని రూఢి అయ్యాకే మోతుబరి కండువా సర్దుకుని బయల్దేరతాడు.

సరే, క్షమాపణ ముట్టింది. ముట్టినట్టు రసీదు రాద్దామనే ఈ ఉత్తరం. ఎన్ని తలలకని రాయాలన్నదే చిక్కు. రుట్టె గారు తన ప్రసంగంలోనే ఒప్పుకున్నారు: ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటించినవాళ్లు 6 లక్షల పైచిలుకు; ఆసియాలో తమ ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో చేతులు మారినవాళ్లు 6 లక్షల 60 వేల నుంచి 10 లక్షల పైదాకా, కచ్చితంగా ఎందరో తెలియదు అని. బందరు రేవులో ఓడకెక్కించిన అద్దకం గుడ్డల మూటలకు లెక్క ఉంది, మేలు రకమేదో నాసి రకమేదో కూడా రాసి ఉంది. ఆ కంపెనీ చిట్టాలు హేగ్ నగరంలో పదిలంగా ఉన్నాయని, 2003లో యునెస్కో వాళ్లు వాటిని ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చారని కూడా విన్నాం. అంత ఒద్దికైన చిట్టాలో మనుషుల దగ్గరికొచ్చేసరికి 3 లక్షల 40 వేలకు పైగా తేడా. నున్న మార్కెట్లో మా కమీషన్ వ్యాపారి కూడా ఇంత తరుగు తీయడు.

డబ్బు లెక్క మాత్రం తేలిపోయింది లెండి. 1675 నుంచి 1770 వరకు వలస రాజ్యాల మీద తమ ఆరెంజ్ వంశానికి వచ్చిన రాబడి ఇప్పటి విలువలో 54 కోట్ల 50 లక్షల యూరోలని 2023లో తమ దేశపు పరిశోధకులే తేల్చారు. క్షమాపణతోపాటు తమ ప్రభుత్వం 20 కోట్ల యూరోలు పక్కన పెట్టింది. దేనికయ్యా అంటే, అవగాహన పెంచడానికి. రాబడి రాజుగారి పెట్టెలోకి, ఖర్చు జనం పన్నుల్లోంచి. మాకు అవగాహన వచ్చేసింది, మా వాటా మిగుల్చుకోండి.

బానిసత్వం రద్దు చేసినప్పుడూ తమవాళ్ల చెయ్యి ఇలాగే ధారాళంగా ఉంది. 1863 జులై 1న సురినామ్‌లో బానిసలను విడుదల చేశారు. తలకు 300 గిల్డర్ల పరిహారం ఇచ్చారు. బానిసకు కాదు, యజమానికి. పాపం, ఆస్తి పోయింది కదా! విడుదలైనవాడు మాత్రం మరో పదేళ్లు, 1873 దాకా, సర్కారు పర్యవేక్షణలో తోట పనే చేయాలి. ఇది చదివి నవ్వబోయి మావాళ్లు ఠక్కున ఆగిపోయారు. 1948 ఎస్టేటుల రద్దు చట్టంతో నూజివీడు చుట్టూ జమీందారీలు పోయినప్పుడు పరిహారం పుచ్చుకున్నది ఎవరనుకున్నారు? జమీందార్లు. ఆ పొలాల్లో తాతల కాలం నుంచి వెట్టి చేసినవాడికి ఒక కాగితం ముక్క కూడా రాలేదు.

తమరు ఒకసారి ఇటు దయచేయండి. గన్నవరంలో దిగితే నూజివీడు ఎంతో దూరం లేదు. తోటలు చూశాక హనుమాన్ జంక్షన్, గుడివాడ మీదుగా బందరు తీసుకెళ్తాం. అక్కడ తమవాళ్ల పేరు మీద వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఫ్రెంచివాళ్ల పరాసుపేట, ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషుపాలెం కూడా ఉన్నాయి. దోచుకున్న ప్రతివాడికీ పేట కట్టి పేరు పెట్టిన మర్యాదస్తులం మేము. 1605లో తమ ఓడ ఈ తీరానికి వచ్చింది, మరుసటేడు కోఠీ వెలిసింది. ఆపైన పులికాట్, నిజాంపట్నం, పాలకొల్లు, నాగులవంచ, భీమిలి. 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లేదాకా ఈ తీరం పొడవునా తమ తక్కెళ్లు ఊగాయి.

బందరులో తమవాళ్ల సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. నల్లరాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు. 1864 నవంబర్ ఉప్పెన ఆ ఊళ్లో 30 వేల మందిని మింగేసినా ఆ రాళ్ల మీద వర్తకుడి పేరు, ఆయన భార్య పేరు ఇంకా చదువుకోవచ్చు. ఆ ఇంట్లో వంట చేసినవాడు, ఎండలో గొడుగు పట్టుకుని వెనక నడిచినవాడు, దొరసాని బిడ్డకు పాలిచ్చిన దాది, వీళ్లకు రాయి లేదు. మేము కూడా అక్కడికి వెళ్తే సెల్ఫీ తీసుకుని ‘మన వారసత్వం’ అని కింద రాస్తాం. ఎవరి వారసత్వమో ఆ ఫోటోలో తేలదు.

తమరి వర్తకం తెలివి గురించి ఒక్కమాట. కోరమాండల్ తీరం జాజికాయ దీవులకు ఎడమ చెయ్యి అని తమ బ్రౌవర్ దొర 1612లోనే కనిపెట్టాడు. ఆ దీవుల్లో వెండి చెల్లదు, మా నేతగాళ్ల గుడ్డే చెల్లుతుంది. గుడ్డ ఇచ్చి జాజికాయ, జాపత్రి తెచ్చుకున్నారు. అంతటితో కడుపు నిండలేదు. 1621లో తమ కంపెనీ దొర యాన్ పీటర్‌జోన్ కూన్ బండా దీవుల మీద పడ్డాడు. 44 మంది ఊరిపెద్దల తలలు నరికించాడు. 15 వేల దాకా ఉన్న జనంలో చివరికి అక్కడ మిగిలింది ఇంచుమించు వెయ్యి మంది. మరి జాజి చెట్లను చూసేవాళ్లెవరు? తోటలు డచ్చివాళ్లకు పంచి, పనికి బానిసలను దింపారు, మా తీరం నుంచి కూడా. మాకూ మామిడి తోటలున్నాయి గానీ, కాపు కోసం ఊరి జనాన్ని నరికి, మళ్లీ కూలీల కోసం వెతికేంత అర్థశాస్త్రం మా బుర్రకు తట్టలేదు. ఆ కూన్ గారి విగ్రహం హోర్న్ పట్టణంలో ఇంకా నిలబడే ఉందట. కింద వివరణ పలక పెట్టారట. అదీ అవగాహనే.

ఇక్కడిదాకా చదివి, నూజివీడువాళ్లకు తమ మీద భలే కోపంగా ఉందని తమరు అనుకోవచ్చు. ఉంది. కాకపోతే కోపం తెచ్చుకోబోయిన ప్రతిసారీ మా ఇంటి సామాను ఏదో కాలికి తగులుతోంది.

చూడండి, 1622, 23 సంవత్సరాల్లో పులికాట్, దేవనాంపట్నం లాంటి రేవుల నుంచి తమ కంపెనీ 1,900 మంది బానిసలను ఎగుమతి చేసింది. అది ఎక్కడో జరిగిందిలే అని వదిలేద్దామనుకున్నాం. తర్వాతిదే గొంతులో పడింది. 1659 నుంచి 1661 వరకు తంజావూరు సీమ నుంచి 8 వేల నుంచి 10 వేల మంది బానిసలయ్యారు. బీజాపూరు సేనలు పంటలు తగలబెట్టాయి, కరువొచ్చింది, గంజి దొరకనివాళ్లు బిడ్డలను అమ్మారు, తమను తాము అమ్ముకున్నారు. అంతకు ఒక్క ఏడాది ముందే, 1658లో, తమవాళ్లు నాగపట్నం రేవును పోర్చుగీసు వాళ్ల నుంచి లాక్కుని సిద్ధంగా కూర్చున్నారు. కరువులో కొనడం కంటే లాభసాటి వ్యాపారం లోకంలో లేదు. ఎక్కువమందిని సింహళానికి, కొందరిని బటావియాకు, మలక్కాకు తోలారు.

అప్పుడు తంజావూరును ఏలుతున్నదెవరు? మా విజయరాఘవ నాయకుడు. తెలుగువాడు, స్వయంగా కవి. ఆయన కొలువులో రంగాజమ్మకు కనకాభిషేకం జరిగింది. ఆయన రోజూ 12 వేల మంది బ్రాహ్మణులకు భోజనం పెట్టేవాడని గొప్పగా చెప్పుకుంటాం. మా సాహిత్య చరిత్రల్లో దక్షిణాంధ్ర యుగమని పెద్ద అధ్యాయం ఉంది, పరీక్షల్లో పది మార్కుల ప్రశ్న ఉంది. యక్షగానాలు, పదాలు, శృంగారం, అన్నీ వస్తాయి. ఆ యుగంలోనే ఆ రాజ్యం రేవులో బిడ్డలను తూకానికి పెట్టిన సంగతి ఒక మార్కు ప్రశ్నగా కూడా రాదు. తమకు హేగ్‌లో చిట్టాలున్నా మనుషుల లెక్క తేలలేదు. మాకు చిట్టాలే లేవు, అందుచేత మనసు నిశ్చింతగా ఉంది. కనకాభిషేకం లెక్క ఒక్కటే గుర్తుంది.

అమ్మినవాడు లేకుండా కొన్నవాడున్నాడా అని తమవాళ్లెవరైనా సన్నగా నవ్వుతారేమో, ఆ నవ్వు ఆపుకోమనండి. బిడ్డను అమ్ముకున్న తల్లి అప్పుడు గంజి కోసం అమ్మింది. కంపెనీ కొన్నది గంజి కోసం కాదు. మధ్యలో కడుపు నిండినవాడు ఒకడున్నాడు, దళారి. వాడు మావాడే. వాడి వంశం మాత్రం ఏ కరువులోనూ అంతరించలేదు.

ఇక తమరికి ఒక చుట్టరికం చెప్పాలి. పులికాట్ నుంచి ఒక అమ్మాయి బటావియా చేరింది, బానిసగా. అక్కడ ఆమెను కాతరీన అన్నారు, ఇంటిపేరు స్థానంలో ఊరిపేరు తగిలించారు. కంపెనీ కాగితాల్లో చాలామంది బానిసలకు అంతే, ఎవరు కన్నారో అక్కర్లేదు, ఏ రేవు సరుకో చాలు. తన ప్రియుణ్ణి, అతనూ బానిసే, మలబారువాడు, ఆమె చంపిందని 1656లో మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని తగ్గించి దక్షిణాఫ్రికా కేప్ కోటకు దేశాంతరం పంపారు. 1657లో అక్కడ దిగింది. కేప్ చిట్టాల్లో కనిపించే తొలి మహిళా ఖైదీ ఆమే. పెద్ద కాతరీన అని పిలిచేవారు. కోట బట్టలు ఉతికింది. ఒక కొడుకు పుట్టాడు, తండ్రి కంపెనీ సైనికుడని చరిత్రకారులంటారు. క్షమాభిక్ష దొరికాక, 1671లో, బానిసత్వం నుంచి బయటపడ్డ ఒక బెంగాలీని పెళ్లాడింది. ఆ కొడుకు క్రిస్టోఫెల్ స్నైమన్ 1690లో ఒక ఫ్రెంచి శరణార్థి కుటుంబపు పిల్లను చేసుకున్నాడు. వాళ్ల సంతతే దక్షిణాఫ్రికాలో స్నైమన్ వంశం. చక్కటి తెల్లవాళ్ల వంశం.

అసలు విందు ఇప్పుడు. ఆ దేశంలోనే 1949లో తెల్లవాళ్లు ఇతరులను పెళ్లాడకూడదని చట్టం చేశారు. 1950లో దేశంలోని ప్రతివాడికీ జాతి ముద్ర వేసి పుస్తకంలో రాశారు. అనుమానం వస్తే జుట్టులో పెన్సిల్ గుచ్చి, అది జారితే తెల్లవాడు, నిలిస్తే కాదు అని తీర్పు చెప్పారు. పులికాట్ చాకలమ్మ రక్తం ఎన్ని తెల్ల కుటుంబాల్లో పారుతోందో ఆ పెన్సిల్ చెప్పలేకపోయింది. చెప్పి ఉంటే ఎంతమంది దొరలు ఆ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేదో!

అయినా తమవాళ్లను మెచ్చుకోవాలి, ప్రతిదానికీ శాసనం రాసి పెట్టారు. బటావియాలో డచ్చి భాష వచ్చిన బానిసే నెత్తిన టోపీ పెట్టుకోవాలి. 1754లో గవర్నర్ జనరల్ మోసెల్ ఏకంగా ఆడంబరాల మీదే శాసనం చేశాడు, ఎవరికి ఎలాంటి బండి, ఎవరు గొడుగు వేయించుకోవచ్చు, దొరసాని వెనక ఎందరు బానిసలు నడవచ్చు. కేప్‌లో బానిసకు చెప్పులు లేవు, కాలికి జోడు ఉందంటే స్వతంత్రుడని గుర్తు. ఎంత శ్రమ, ఎంత సిరా!

మా పల్లెల్లో మాలపల్లె మనిషి పెద్దవీధిలోకి వస్తే చెప్పులు చేతిలో పట్టుకోవాలి, గొడుగు ముడవాలి, హోటల్లో వేరే గ్లాసులో టీ తాగి తానే కడిగి పెట్టాలి. ఇవన్నీ ఏ గవర్నరూ రాయలేదు. ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. తమ శాసనాలు కంపెనీ దివాలా తీసి 1799 చివర్లో మూతబడితే దాంతోపాటు పాతబడ్డాయి. రాయనిదాన్ని ఎవరు రద్దు చేస్తారు? 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు, దళితులను ఊచకోత కోసిన ఈ రెండు ఊళ్ల పేర్లు తమ అవగాహన నిధిలోంచి ఎవరైనా కాస్త ఖర్చుపెట్టి తెలుసుకుంటే, కాగితం లేకుండా పని ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. టోపీ సంగతంటారా, మా పిల్లలకు ఇప్పుడు ఇంగ్లీషొస్తేనే టోపీ. ఫీజు కట్టి మరీ పెట్టిస్తున్నాం.

తోటలోకి రండి. ఏప్రిల్, మే నెలల్లో వస్తే బంగినపల్లి కోత జోరుగా ఉంటుంది, చిన్నరసాలు దిగుతుంటాయి. పూత మీదే తోటను వ్యాపారికి అమ్మేసి రైతు విజయవాడలో ఉంటాడు. చెట్ల కింద తాటాకు పాకలో కావలివాడు పెళ్లాం పిల్లలతో ఉంటాడు. వాడికి అరవై దాటి ఉంటుంది. మోటారు సైకిల్ మీద వచ్చిన పాతికేళ్ల వ్యాపారి కొడుకు ‘ఏరా, రాత్రి కోతులొచ్చాయంటగా, నిద్రపోయావా?’ అంటాడు. ‘లేదు బాబుగారూ’ అంటూ ముసలాయన నడుం వంచి లేస్తాడు. వాడి మనవడు రాలుకాయ ఒకటి కొరుకుతూ కనబడితే ఆ కాయ ఎక్కడిదని ఆరా. కావలివాడు ఆ పాకలోకి వచ్చింది అడ్వాన్సు మీద. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో పుచ్చుకున్నాడు. ప్రతి సీజనూ జీతంలోంచి కోత పడుతుంది, ప్రతి వానాకాలమూ బియ్యానికో జ్వరానికో మళ్లీ పుస్తకంలో పడుతుంది. పుస్తకం షావుకారు దగ్గర, వేలిముద్ర వీడిది. 1976 చట్టం ప్రకారం అప్పు కింద మనిషిని కట్టిపడేయడం నేరం, ఆ అప్పు చెల్లదు కూడా. ఆ మాట ఎవరైనా అంటే షావుకారు నొచ్చుకుంటాడు. ‘వెట్టి ఏమిటండీ, వాడు మా ఇంట్లో మనిషి లాంటివాడు’ అంటాడు. తమ రైక్స్‌మ్యూజియంలో 1665 నాటి చిత్రం ఒకటుంది, బటావియా వర్తకుడు పీటర్ క్నోల్, భార్య, ఇద్దరు కూతుళ్లు, వెనక నీడలో ఇద్దరు బానిసలు. వాళ్లు కూడా ఇంట్లో మనుషుల్లాంటివాళ్లే. అందుకే వెనక నిలబెట్టారు.

ఇంకో ముఖ్యమైన విషయం, మావాళ్లు ఇప్పుడు తమ దేశంలో చాలామంది ఉన్నారు. ఐండ్‌హోవెన్ చుట్టూ చిప్పుల యంత్రాల కంపెనీల్లో కుదిరిన తెలుగు పిల్లలకు ఆవకాయ ఇక్కడినుంచే కొరియర్‌లో పోతుంది. వాళ్లలో ఒక కుర్రాడు ఫోన్లో తండ్రితో మొర పెట్టుకున్నాడు, రంగు చూసి ఇల్లు అద్దెకు ఇవ్వలేదు నాన్నా అని. డిసెంబర్ 5 పండక్కి ఇంకా కొందరు ముఖానికి నల్లరంగు పూసుకుని వేషాలేస్తున్నారు, చూడలేకపోతున్నా అని. తండ్రి మండిపడ్డాడు. ఇంత నాగరిక దేశంలో ఇదేం వివక్ష అన్నాడు. ఆ కోపం చల్లారకముందే ఆయన మేడ మీద పోర్షన్ చూడ్డానికి ఎవరో వచ్చారు. ‘ఏమనుకోకండి, మీరేవిట్లు?’ అని అడిగాడు. వాళ్లేవిట్లో తెలిశాక, పోర్షన్ నిన్ననే ఇచ్చేశామని చెప్పి పంపేశాడు.

ఆ కుర్రాడికే ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. మా ప్రాంతంలో మామిడిపండును తొక్క రంగు చూసి కొనేవాణ్ణి పట్నంవాడని ఎగతాళి చేస్తారు. పచ్చగా ఉన్న రసమే లోపల తేనె అని పసిపిల్లలకూ తెలుసు. ఆ తెలివి కోడలి దగ్గర పనిచేయదు. మొన్న పెళ్లిళ్ల పేరయ్య వాళ్ల అరుగు మీద కూర్చుని వివరాలన్నీ విప్పాడు.

‘పిల్ల ఎమ్‌టెక్కండి. అణకువ. ఆగిరిపల్లి దగ్గర అయిదెకరాల బంగినపల్లి తోట పిల్ల పేరునే ఉంది. కాస్త చామనఛాయ, అంతే.’

కుర్రాడి తల్లి పెదవి విరిచింది. ‘మావాడు అక్కడ వర్ణ వివక్ష మీద మీటింగుల్లో కూడా మాట్లాడతాడండి, వాడికేం పట్టింపుల్లేవు. కానీ రేపు ఫోటోల్లో పక్కన నిలబడాలి కదా.’

పేరయ్య ఫోటోను కవర్లో పెట్టుకోలేదు. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: ‘తోట ఏడెకరాలు చేయిస్తే?’